ఎండలో పెట్టకూడని వడియాలు

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్నే సుజాత పజుండౌంగ్‌ పేటలోని మా ఇంటికి వచ్చింది. మా వీధి పిల్లే. వాళ్ల తాతా, మా నాన్నా ఒకే రేవులో బస్తాలు మోసినవాళ్లు. ఊళ్లో తుపాకులు కాల్చే షూటింగ్ క్లబ్బు ఒకటి ఉంది. అందులో తూటాల గదికి ముప్పై ఏళ్లకు పైగా నేను కాపలాదారుణ్ణి, వంటవాణ్ణి, పూజారిని. నా తర్వాత ఆ కుర్చీ సుజాతది. అక్కడ ఆమెను మ తూజా అంటారు. నన్ను ఊ తాన్ అనేవారు, వయసులో ఉన్నప్పుడు కో తాన్. ఇంట్లో మాత్రం అప్పన్నని. బర్మాలో మా తెలుగువాళ్లకు రెండేసి పేర్లుంటాయి. ఏదైనా తప్పు చేసినప్పుడు ఏ పేరు చెప్పాలో తేల్చుకునేలోగా కాస్త వ్యవధి దొరుకుతుంది.

"తాతా, ఇది నీ రాతేనేటి?" అంటూ ఫోను నా ముందు పెట్టింది.

ఫొటోలో ఒక పాత బిస్కట్ల డబ్బా. మూత అంచున తుప్పు. పక్కన అంటించిన చీటీ మీద నీలం సిరాతో రెండు తెలుగు మాటలు.

"సదవలేకపోనావా?"

"గుడిలో ఆదివారం బడికి ఎల్లినన్నాళ్లు అచ్చరాలొచ్చినాయి. తరవాత మాస్టారు ఎలిపోనాడు, అచ్చరాలూ ఆయనెనకాలే ఎలిపోనాయి. 'మ' ఒకటి తెలిసింది."

"ఎక్కడుందిది?"

"మన గదిలోనే. బీరువా ఎనకాల గోడకి మొకం ఎట్టుకుని కూకుంది. రంగులేసేవోలు బీరువా జరిపినారు. ఒకడు దాన్ని ఇటు తిప్పినాడు. లోపల గలగలమంది. నేను కేకేసినాను, ఆడు ఒదిలేసి పారిపోనాడు."

"నువ్వు ముట్టుకున్నావా?"

"లేదు తాతా. ఫొటో తీసి, అందర్నీ తోలేసి, తాళం ఎట్టినాను. గలగల ఇంటే తూటాల ప్రైమర్లే అనుకున్నాను. సెక్రెటరీగారు అయితే మరీ మంచిదన్నారు. కొత్త సరుకు రాలేదు గదా, పోటీలొస్తన్నాయి గదా, లేబులుంది గదా, ఇయ్యే వాడేద్దాం అన్నారు. లేబులు సదివించుకొచ్చినాకే తెరుస్తానన్నాను. సోమారం తెరవకపోతే ఆ కుర్చీలో ఇంకొకలు కూకుంటారంట."

"తెరవొద్దు. కదపొద్దు. ఆ గదిలోకి ఎవుర్నీ పోనివ్వొద్దు. పేలుడు సామాన్లు తీసీవోలకి ఇప్పుడే కబురెట్టు."

"అలగే. ఇంతకీ ఏటి రాసుంది?"

"మంచివి అని."

ఆమె నన్ను చూసింది. నేను టీ గ్లాసును చూశాను.

"మంచివైతే మరెందుకు తెరవొద్దు?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఆ పొద్దున రెండు గ్లాసుల టీ పట్టింది. అంతా విన్నాక, "ఇది రాసియ్యి తాతా. నా తరవాత ఒచ్చీవోలకి కూడా కావాల" అంది. క్లబ్బు ఇచ్చే భద్రతా నియమావళి నలభై పేజీలుంటుంది. అందులో సభ్యుల బూట్ల గురించి మూడు పేజీలున్నాయి. ఇది మాత్రం లేదు.

*పని అంటే*

నా కార్డు మీద 'ఆర్మరర్', అంటే ఆయుధాలు, తూటాలు చూసుకునేవాడు, అని ఉండేది. ఆ మాట విని మింగళ తౌంగ్‌న్యున్‌ పేటలోని మా బంధువులు నేను నడుముకు రెండు పిస్తోళ్లు కట్టుకుని తిరుగుతానని అనుకున్నారు. నిజానికి నా ఆయుధాలు ఒక చిన్న త్రాసు, ఒక గరాటు, ఒక పాత పళ్ల బ్రష్షు. కాల్చడంలో నేను క్లబ్బు మొత్తానికి ఆఖరివాణ్ణి. ఒకసారి నా లక్ష్యం కాగితం మీద ఒక్క చిల్లు కూడా పడలేదు. పక్కవాడి కాగితం మీద మాత్రం అతను కాల్చినవాటి కంటే మూడు ఎక్కువ ఉన్నాయి. అతని గెలుపులో నా వాటా సంగతి ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు. నాకు గురి లేదు, గురువు మాత్రం దొరికాడు.

తూటా కాల్చేశాక మిగిలేది ఇత్తడి తొడుగు. దాన్ని కడిగి, సాపు చేసి, అడుగున కాలిపోయిన ప్రైమర్ తీసి కొత్తది పెట్టి, కొలిచిన మందు పోసి, పైన గుండు బిగిస్తే మళ్లీ తూటా అవుతుంది. దీన్నే రీలోడింగ్ అంటారు. మా అమ్మకు వివరించి చెబితే, "బూరెలో పూర్నం ఎట్టినట్టే గదా, దీనికి జీతం కూడానా?" అంది. అదే పని. కాకపోతే బూరె పగిలితే నూనె చిందుతుంది, ఇది పగిలితే వేళ్లు చిందుతాయి.

బడిలో మాకు ప్రైమర్ అంటే మొదటి వాచకం. ఈ ప్రైమర్ కందిపప్పు బద్ద కంటే కాస్త పెద్ద లోహపు గిన్నె. దెబ్బ తగిలితే నిప్పు పుట్టించడం దాని ఉద్యోగం. ఎవరు కొట్టారు, ఎందుకు కొట్టారు అని అడగదు. సుత్తితో కొట్టినా, గరిటెతో గీకినా, బిగుసుకుందని బలవంతంగా నొక్కినా దానికి ఒకటే. వాచకం చదవకపోతే మాస్టారు కొట్టి చదువు చెప్పేవాడు. దీన్ని మనం కొడితే అదే చెబుతుంది.

ఇక మందు. డాక్టరు రాసేదీ మందే, సాయంత్రం సభ్యులు గ్లాసులో పోసుకునేదీ మందే, నేను త్రాసులో తూచేదీ మందే. మూడింటికీ నాకు తెలిసిన నియమం ఒక్కటే: సీసా మీద చీటీ లేకపోతే ముట్టుకోకు. రంగు చూసి చెప్పేస్తాను, వాసన పట్టి చెప్పేస్తాను అనే ఘనులను చాలామందిని చూశాను. వాళ్ల ఆత్మవిశ్వాసం మీద నాకు అపారమైన గౌరవం ఉంది. దాన్ని నేను ఎప్పుడూ ఇరవై గజాల దూరం నుంచి ప్రకటిస్తాను.

*సయా*

బర్మాలో గురువును 'సయా' అంటారు. నాకు పని నేర్పినవాడు ఊ చిట్. సన్నటి మనిషి. ఎప్పుడూ బిగించి కట్టిన లుంగీ, గదిలో ఉన్నంతసేపూ కళ్లకు దెబ్బ తగలకుండా ముక్కు మీద మందపాటి కళ్లద్దాలు. గదిలోకి వచ్చేముందు జేబులు ఖాళీ చేయించేవాడు. చెవి మీద చుట్ట పెట్టుకుని వచ్చే సభ్యుడు ఎంత పెద్దవాడైనా సరే, చుట్ట తీయాలి, లేదా చెవి కూడా బయటే ఉంచి రావాలి. బల్ల మీద ఒకేసారి ఒకే రకం ప్రైమర్, ఒకే రకం మందు. అవి తీసి బీరువాలో పెట్టి తాళం వేశాకే రెండోది బయటికి రావాలి. కళ్లద్దాలు లేకుండా ప్రైమర్ పెట్టె తెరవకూడదు. ప్రైమర్ తన పెట్టెలో, తన గుంటలోనే ఉండాలి. పని సాగుతున్నంతసేపూ, చేతికి కావలసినవే బయటికి రావాలి.

మొదటి దసరాకు నేను రీలోడింగ్ మిషనుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, ప్రైమర్ పెట్టెల ముందు పళ్లెంలో కర్పూరం పెట్టి అగ్గిపుల్ల తీశాను. ఆయుధ పూజ కదా. సయా నా చెయ్యి పట్టుకుని అగ్గిపెట్టె లాక్కున్నాడు. "మీ అమ్మవారికి ఈ గది దాకా రావాలని ఉంటే వస్తుంది. నువ్వు ఆమెను నిప్పుతో పిలవకు" అన్నాడు. అప్పటి నుంచి మా హారతి వాకిట్లో, గదికి ఎదురుగా, గేటు పక్కన. అమ్మవారు అభ్యంతరం చెప్పలేదు.

ఆయన కాల్చడం చూడటానికి లత పేట నుంచి బంగారం కొట్ల షావుకార్లు పని కట్టుకుని వచ్చేవారు. ఎడమ కంటితో గురి చూసేవాడు. ఆ కంటికి తప్పు తెలియదనేవారు. ఆయన చెవి అంతకంటే గొప్పది. ఒకరోజు మేం గదిలో ఉండగా రేంజిలో బంగారం కొట్టున్న ఒక సభ్యుడు రివాల్వర్ కాలుస్తున్నాడు. ఢాం, ఢాం, తర్వాత తుప్‌మని ఒక చిన్న శబ్దం. సయా చేతిలో ఉన్నది వదిలేసి, "ఆపండి!" అని అరుస్తూ పరిగెత్తాడు. ఆయన అరవడం నేను విన్నది ఆ ఒక్కసారే. నిప్పు సరిగా అంటుకోక గుండు గొట్టంలోనే ఇరుక్కుంది. సభ్యుడు ఇంకో తూటా కాల్చబోతున్నాడు. కాల్చి ఉంటే మర్నాడు ఆయన కొట్లో ఉంగరాలు తొడిగి చూపించడానికి వేళ్లు తక్కువ పడేవి.

"చిన్న చప్పుడు వింటే పెద్ద చప్పుడు విన్నట్టు పరిగెత్తు" అన్నాడు సయా ఆ రోజు. కొట్టినా పేలని తూటాకు కూడా ఆయనది ఇదే మర్యాద: తుపాకీ ముక్కు లక్ష్యం వైపే ఉంచి, నోరు మూసుకుని, అది ఆలస్యంగా మనసు మార్చుకుంటుందేమోనని ఆగు. నేను ఇరవై నాలుగేళ్లకే తొందరపడి పెళ్లి చేసుకున్నవాణ్ణి, ఆగడం అంటే ఏమిటో సయా చెప్పేదాకా నాకు తెలియదు.

*బహుమతి*

నేను చేరిన నాలుగో ఏడో ఐదో, ఒక పెద్దమనిషి తన గోదాం ఖాళీ చేస్తూ క్లబ్బుకు పన్నెండు డబ్బాల పాత మిగులు ప్రైమర్లు దానం చేశాడు. ఏ సైన్యం మిగిల్చిందో, ఏ కాలంలో మిగిల్చిందో ఆయనకే తెలియదు. గోదాం కప్పు ఎన్ని వర్షాకాలాలు కారిందో మాత్రం డబ్బాలు చూడగానే తెలిసింది. లోపలి అట్టపెట్టెలు పాలల్లో నానిన రొట్టెలా ఉన్నాయి. చీటీలు ఊడి అడుగున ముద్దయ్యాయి. పెట్టెల్లో విడివిడిగా కూర్చోవలసిన ప్రైమర్లు కొన్ని ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి.

కార్యదర్శిగారు పొంగిపోయారు. ఆయనకు తూటా గురించి తెలిసింది తక్కువే గానీ ఉచితం గురించి తెలియనిది లేదు. ఆ తర్వాత కార్యదర్శులు చాలామంది మారారు, గొంతు మాత్రం మారలేదు. సుజాత చెబుతుంటే అదే గొంతు వినిపించింది.

సయా ఒక డబ్బా తెరిచి, చూసి, నెమ్మదిగా మూశాడు. "వీటికి పేరు పోయింది. తడిసినవాటిలో కొన్ని చచ్చాయి, కొన్ని సగం బతికాయి, కొన్నింటికి కోపం పెరిగింది. ఏది ఏదో చూసి చెప్పగల మనిషి పుట్టలేదు. వీటిని ఇకపై ఎవరూ ముట్టవద్దు. పేలుడు సామాన్లు తీసుకుపోయేవాళ్లకు ఉత్తరం రాశాను." గదికి దూరంగా ఉన్న కొట్టులో పెట్టించి తాళం వేశాడు. ముందే అనుకున్న ప్రకారం పది రోజుల ధ్యానానికి వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లిన ఏడో రోజున కార్యదర్శిగారు నా దగ్గరికి వచ్చారు.

"కో తాన్, పోటీలు దగ్గర పడ్డాయి. ఊ చిట్ పాతకాలపు మనిషి, భయం ఎక్కువ. తడిసినవి ఆరితే సరిపోతుంది కదా? నువ్వు తెలివైనవాడివి."

నన్ను అంతకుముందు ఎవరూ ఆ మాట అనలేదు. తర్వాత కూడా అనలేదు. జీవితంలో ఒక్కసారి విన్నాను, అప్పుడే నమ్మాను.

*మేడ మీద*

మా వాళ్లకు తేమంటే శత్రువు, ఎండంటే వైద్యుడు. ఈ ఊళ్లో అయిదు నెలలు కుండపోత. వానలు వెనక్కి తగ్గగానే మా వీధి మేడలన్నీ ఆరేసిన సంసారాలతో నిండిపోతాయి. మా అమ్మ ఎండలో పెట్టి బాగుచెయ్యని వస్తువు లేదు: పరుపులు, పప్పులు, పసిపిల్లలు, తడిసిన పుస్తకాలు, ఒకసారి మా నాన్న రేవు గుర్తింపు కార్డు. "ఎండలో ఎట్రా, ఏ రోగమైనా పోద్ది" అనేది. నేను ఆ వైద్యశాలలోనే పట్టా పుచ్చుకున్నాను.

మర్నాడు పొద్దున అమ్మను పెద్ద పళ్లెం, అట్లకాడ అడిగాను.

"వడియాలేట్రా కలబ్బులో?"

"అలాంటియ్యే."

"కాకులు జాగర్త. రెండు పూటలా తిరగెయ్యి, లేపోతే అడుగున పచ్చిగా ఉండిపోతాయి."

అంతా ఆవిడ చెప్పినట్టే చేశాను. కార్యదర్శిగారు ఇచ్చిన తాళంచెవితో కొట్టు తెరిచి, ఒక డబ్బా తీసి క్లబ్బు మేడ మీద, మెట్లు ఎక్కగానే ఉండే పిట్టగోడ పక్కన, పళ్లెంలో ప్రైమర్లు పరిచాను. కాకుల కోసం కర్రకు నల్లగుడ్డ కట్టాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి తిరగేశాను. కళ్లద్దాలు పెట్టుకోలేదు. వడియాలకు కళ్లద్దాలెందుకు?

మూడో రోజు సాయంత్రానికి గలగలలాడాయి. కార్యదర్శిగారి బిస్కట్ల ఖాళీ డబ్బాలో పోశాను. ఇంకాస్త పట్టాలని డబ్బాను రెండుసార్లు ఊపి సర్దాను. వడియాలు డబ్బాకెత్తేటప్పుడు అమ్మ అలాగే ఊపుతుంది.

ఆ రెండు ఊపుల గురించి ఇక్కడ కాస్త ఆగాలి. ఫ్యాక్టరీవాళ్లు ఒక్కో ప్రైమర్‌కు ఒక్కో గుంట చేసి పెట్టేది అందం కోసం కాదు. విడిగా ఉంటే ఒకటి పేలినా పక్కది పక్కదే. కుప్పగా పోస్తే అది డబ్బా కాదు, బాంబు. దాన్ని ఎవరూ తయారుచెయ్యనక్కర్లేదు, ఒక తెలివైనవాడు డబ్బాకెత్తితే చాలు. నేను బాంబును చంకలో పెట్టుకుని, అన్నం మెతుకులతో చీటీ అంటించి, 'మంచివి. ఎండబెట్టినవి' అని రాసి, మెట్లు దిగి గదిలో పెట్టి, ఈల వేసుకుంటూ మళ్లీ మేడెక్కాను.

పళ్లెంలో అడుగంటినవి కొన్ని మిగిలాయి. తడిసిన కాగితం గుజ్జుతో కలిసి అతుక్కుపోయాయి. అట్లకాడతో గీకడం మొదలుపెట్టాను.

"కో తాన్. ఆపు."

సయా. ధ్యానం నుంచి ఇంటికి పోకుండా నేరుగా వచ్చాడు. భుజాన సంచి అలాగే ఉంది. మెట్ల మీద సగం పైకి వచ్చి ఉన్నాడు, ముఖం పళ్లెం ఎత్తుకు ఉంది. నేను ఆ గొంతు వైపు తల తిప్పాను. తల తిరిగినంత త్వరగా చెయ్యి ఆగదు.

పెద్ద చప్పుడేమీ కాదు. దీపావళి తుపాకీ బిళ్లలు రెండు మూడు కలిసి పేలినంత. పళ్లెం ఎగిరి పడింది. తల తిప్పి ఉన్నాను కాబట్టి నాకు చెవుల్లో హోరు తప్ప ఏమీ కాలేదు. సయా ఎడమ కన్ను మీద చెయ్యి పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు. కళ్లద్దాలు సంచిలో ఉన్నాయి. ధ్యానంలో వాటితో పని లేదు కదా.

సైకిల్ రిక్షాలో ఆసుపత్రికి వెళుతుంటే ఆయన అన్న మొదటి మాట, "మేడ తలుపుకు తాళం వేశావా?" వేశానన్నాను. రెండో మాట, "ఎంతమంది పిల్లలు నీకు?" ఇద్దరన్నాను.

కన్ను మిగిలింది. గురి చూసే చూపు మిగల్లేదు.

మర్నాడు కట్టు కట్టుకుని క్లబ్బుకు వచ్చి, కమిటీ ముందు, "నేనే ఆరబెట్టాను. కో తాన్‌కు తెలియదు" అని చెప్పాడు. ఆయన అబద్ధం ఆడగలడని ఎవరికీ తోచలేదు కాబట్టి అందరూ నమ్మారు. కార్యదర్శిగారు అందరికంటే త్వరగా నమ్మారు. నిర్లక్ష్యం అని రాసి ఆయన్ను ఇంటికి పంపారు. ఆ కుర్చీ నాకిచ్చారు. నా పదోన్నతి చరిత్ర ఇంతే.

*ముప్పై ఏళ్ల పొరుగు*

తీసుకుపోయేవాళ్లు వచ్చి పదకొండు డబ్బాలు, మేడ మీది పళ్లెం పట్టుకుపోయారు. పన్నెండో డబ్బాలోవి అన్నీ పళ్లెంలోనే ఉన్నాయని సయా కూడా అనుకున్నాడు. బిస్కట్ల డబ్బా సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. దాని మీద నా చేతిరాత ఉంది. క్లబ్బులో తెలుగు రాసేవాడు ఇంకొకడు లేడు. అది బయటపెడితే సయా మాట అబద్ధమని తేలుతుంది, ఆయన త్యాగం వృథా అవుతుంది అని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత గొప్ప కారణమో చూడండి. నా భయానికి ఆయన త్యాగాన్ని తొడుగుగా బిగించాను. బిగించడం నా వృత్తి.

డబ్బాను బీరువా వెనక, చీటీ గోడవైపు తిప్పి పెట్టాను.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు దాని పక్కన కూర్చుని కొత్తవాళ్లకు భద్రత బోధించాను. "ప్రైమర్లు కుప్ప పోయవద్దు" అని చెబుతూ కుర్చీ కాస్త ముందుకు జరుపుకునేవాణ్ణి. బీరువా వెనక ఎవరినీ ఊడవనిచ్చేవాణ్ణి కాదు. ఊ తాన్ అంత జాగ్రత్తపరుడు లేడని పేరొచ్చింది. రిటైరైన రోజు సుజాతకు చెప్పేద్దామని పొద్దున్నే నిశ్చయించుకుని వెళ్లాను. కేకు కోశారు, దండ వేశారు, అందరికీ ఆదర్శం అన్నారు. కేకు తిన్నాను. తాళంచెవులు ఆ పిల్ల చేతిలో పెట్టాను. వాటితోపాటు బీరువా వెనకదీ అప్పగించాను, చెప్పకుండా.

ఏటా తడింజుట్ పున్నమికి పెద్దలకు మొక్కి దీవెన అందుకోవడం ఇక్కడి ఆచారం. వానలు తగ్గి ఎండ కాసే రోజులే అవి. ప్రతి ఏడూ పళ్లు పట్టుకుని సయా ఇంటికి వెళ్లేవాణ్ణి. మోకరిల్లగానే, "గది ఎలా ఉంది?" అని అడిగేవాడు. "బాగుంది, సయా" అనేవాణ్ణి. ఒక కన్నుతో నన్ను కాసేపు చూసి, పళ్లు లోపల పెట్టమని కూతురికి చెప్పేవాడు. ఆయన పోయేదాకా ఇదే మాట, ఇదే జవాబు.

ఈ పనిలో చేరేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇదీ. ప్రైమర్ తప్పు చేస్తే అక్కడికక్కడే చప్పుడు చేసి ఒప్పుకుంటుంది. మనిషి ఒప్పుకోడు. తప్పు చేసిన గంటలోనే నోరు విప్పి పేలడం నేర్చుకోండి. చీటీ లేని డబ్బా కంటే అబద్ధం చీటీ ఉన్న డబ్బా ప్రమాదం. ఆ రంగులేసే కుర్రాడు దాన్ని ఒక్క చేత్తో ఇటు తిప్పాడని విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

*చీటీ చదివిన రోజు*

పేలుడు సామాన్లు తీసేవాళ్లకు సుజాత కబురు పెట్టింది. కార్యదర్శి వద్దన్నాడు, పరువు అన్నాడు, కుర్చీ సంగతి మరోసారి గుర్తుచేశాడు. "కుర్చీ మీకే ఇచ్చేస్తాను సార్, ముందు ఆళ్లు ఒచ్చి ఎల్లనీండి" అందట. సోమవారం నేనూ వెళ్లాను. వచ్చినవాళ్లు అందరినీ గేటు అవతలకు పంపేశారు. వాళ్ల పని వాళ్లు ఎలా చేశారో నేను చూడలేదు, చూడకూడదు కూడా. అలాంటి డబ్బా దొరికితే మన పని తలుపు మూసి దూరంగా నిలబడటమే. చాలాసేపటికి ఒక అధికారి కాగితం పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు.

"చీటీ మీద ఏముంది? ఎవరు రాశారు?"

సుజాత నాకంటే ముందే అందుకుంది. "ఎవరో పాతకాలం మనిషి సార్. చాలా ఏళ్ల నాటిది. ఇప్పుడెవరికీ తెలియదు." బర్మీస్‌లో, తడుముకోకుండా, తొణక్కుండా. సయా కట్టు కట్టుకున్న ముఖం నా కళ్ల ముందు మెదిలింది, కమిటీ ముందు ఆ నెమ్మదైన గొంతు మళ్లీ వినిపించింది. నా కోసం అబద్ధమాడే మంచివాళ్లు ప్రతి తరానికీ ఒకరు దొరుకుతున్నారు. నాకేం తక్కువ!

"నేను రాశాను" అన్నాను.

కార్యదర్శి గబగబా కల్పించుకున్నాడు. "ఊ తాన్, పెద్దవారు, మరిచిపోయుంటారు. పాత రికార్డులో ఊ చిట్ అని ఉంది కదా, ఆయన పోయారు కూడా. దాంతో సరిపోతుంది."

"ఊ చిట్‌కు తెలుగు రాదు" అన్నాను. "ఆరబెట్టింది నేను. డబ్బాకెత్తింది నేను. దాచింది నేను. ఆయన కన్ను తీసింది కూడా నేనే. రికార్డు తప్పు."

అధికారి రాసుకున్నాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. "చీటీకి అర్థం?"

"మంచివి. ఎండబెట్టినవి."

కలం ఆపి నా ముఖంలోకి చూశాడు.

"రెండో మాట నిజం" అన్నాను.

నవ్వలేదు. పేరు అడిగాడు. ఈసారి వ్యవధి తీసుకోలేదు. రెండు పేర్లూ చెప్పాను.

తిరిగి వస్తుంటే బస్సులో సుజాత నన్ను ఏకిపెట్టింది. "ఎవరో అన్నాను గదా తాతా? ఊరుకుంటే ఏటయిపోద్ది? ఈ వయసులో ఆపీసుల సుట్టూ తిరుగుతావేటి?"

"ఊరుకుంటే ఏటవుద్దో నీ బీరువా ఎనకాల సూసినావు గదా."

"అయితే ఆ నిర్లచ్యం అని రాసిన కాయితం ఉంది సూడు, సయా పేరున, దాన్ని కొట్టేయించేదాకా నేనొగ్గను. అర్జీ మీద మొదటి సంతకం నాది, రెండోది నువ్వు ఎట్టాల" అంది. కుర్చీ ఇంకా ఆమెదే. కొత్త సరుకు వచ్చేదాకా ఆ పోటీలు ఆగాయి. ఆకాశం ఏమీ విరిగి పడలేదు.

నా సంగతి విచారణలో ఉంది. పిలిచినప్పుడల్లా వెళుతున్నాను. అక్కడి బెంచీలు గట్టివి. మా ఆవిడ ఒక దిండు ఇచ్చింది, దాన్ని కూడా ముందురోజు ఎండలో పెట్టి.

పోయిన వారం తడింజుట్. పళ్లు పట్టుకుని సయా ఇంటికి వెళ్లాను. సుజాత కూడా వచ్చింది. సయా కూతురు ఆయన ఫొటో ముందు చాప వేసింది. ఏం జరిగిందో ముందు ఆమెకు మొత్తం చెప్పాను. ఆమె విని, లేచి, పళ్లు లోపల పెట్టి వచ్చింది. అప్పుడు మోకరిల్లాను. ఈసారి గది ఎలా ఉందని ఎవరూ అడగలేదు. అయినా చెప్పాను.

"గది ఖాళీ చేశాం, సయా."